ఉక్కు మనదే, వంకర తీసే చెయ్యి ఎవరిది?

"ఉక్కు మనది!" అన్న మాట అమెరికా తెలుగువాళ్ళ సభల్లోనూ, సావనీర్లలోనూ, వాట్సాప్ గ్రూపుల్లోనూ ఏడాదికి ఒకసారైనా మోగుతుంది. డమాస్కస్ కత్తి అని లోకమంతా కళ్ళప్పగించి చూసిన కత్తికి ముడిసరుకు గోల్కొండ రాజ్యంలోంచి వెళ్ళిందని చెబుతారు. ఇంగ్లీషువాళ్ళు 'ఊట్జ్' అని రాసుకున్నది మన దక్షిణాది భాషల 'ఉక్కు' అన్న మాటేనని చెబుతారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో ఉక్కు వండేవారని చెబుతారు. చప్పట్లు మోగుతాయి. ఆ తరవాత భోజనాలు.

చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. నా గొడవంతా చెప్పనిదానితోనే. మూసలోంచి బయటికొచ్చేది కత్తి కాదు, ముద్ద. ఆ ముద్దని సాగగొట్టి, ఆకారం తెచ్చి, కాల్చి, చల్లార్చి, చల్లారేటప్పుడు వంకరపోతే మళ్ళీ తిన్నగా చేసిన చెయ్యి ఒకటుంది. ఆ చెయ్యి మన స్లైడ్లలో ఎక్కడా కనిపించదు. ముద్ద దగ్గర మొదలుపెట్టి మ్యూజియం అద్దాల పెట్టెలో ఉన్న కత్తి దగ్గరికి ఒక్క గెంతు గెంతుతాం. మధ్యలో ఉన్న పనంతా ఎవరో చేశారులే!

ఇందులో నా వాదన ఒకటే. కాల్చి ముంచిన అలుగుకి వంకర తీయడం తప్పు దిద్దుకోవడం కాదు, కత్తి పనిలో అదొక అసలైన మెట్టు. దాన్ని సిగ్గుపడాల్సిన సంగతిగా చూసేవాళ్ళూ, సానలో అరగదీసి దాచేవాళ్ళూ, ఆ పని చేసే మనిషిని లెక్కలోకి తీసుకోకుండా ఉక్కు గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్ళూ ముగ్గురూ ఒకే జబ్బు మనుషులు. మూడోవాళ్ళలో మన సంఖ్య కాస్త ఎక్కువ. అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను.

నేను కమ్మరిని కాను. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసి, కన్సల్టింగు చేసుకుంటూ, శనివారాలు గరాజు తలుపు పైకెత్తి చిన్న గ్యాసు కొలిమి వెలిగించుకునే నలభై దాటిన మనిషిని. వంటింటి చాకులు చేస్తాను. నా మాట వెనక తాతల నాటి వృత్తి బలం లేదు. ఉన్నదల్లా చేత్తో చేసి, కొలిచి చూసుకున్న లెక్కలు.

ముందసలు అలుగు వంకర ఎందుకు పోతుందో చూద్దాం. అప్పడం వేయించిన ప్రతివారికీ ఇది సగం తెలుసు. కాగిన నూనెలో వెయ్యగానే అప్పడం ఒక పక్క ముందు ఉబ్బి, రెండో పక్క వెనకబడి, ముడుచుకుంటుంది. మెత్తగా ఉన్న ఆ రెండు క్షణాల్లో గరిటెతో నొక్కితే తిన్నబడుతుంది. పెళుసెక్కాక నొక్కితే ముక్కలవుతుంది. ఉక్కు సంగతీ అంతే. కాకపోతే ఇక్కడ వేడిగా ఉన్నది అప్పడం, చల్లగా ఉన్నది నూనె.

మాలాంటి గరాజు పనివాళ్ళు ఎక్కువగా వాడే 1084 రకం ఉక్కునే తీసుకోండి. అందులో కార్బన్ సుమారు 0.84 శాతం. దాన్ని 1500 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా కాల్చి నూనెలో ముంచుతాం. ముంచిన మొదటి సెకనులోనే వెయ్యి డిగ్రీల కిందికి దిగిపోవాలి, లేకపోతే గట్టిపడదు. అక్కడినుంచి సుమారు 400 డిగ్రీలకి వచ్చేదాకా ఉక్కు ఇంకా మెత్తగానే ఉంటుంది. ఆ గీత దాటి కిందికి దిగుతున్నకొద్దీ లోపలి అణువుల అమరిక మారిపోయి, 'మార్టెన్సైట్' అనే గట్టి రూపం తయారవుతుంది. ఆ మార్పులో ఉక్కు ఉబ్బుతుంది, ఘనపరిమాణంలో సుమారు 4 శాతం. రెండు పక్కలూ ఒకేసారి ఉబ్బితే ఏ గొడవా లేదు. ఒక పక్క అర సెకను ముందో వెనకో అయిందా, అలుగు విల్లులా వంగుతుంది, లేదా మెలి తిరుగుతుంది.

ఆ అర సెకను తేడాకి కారణాలు బోలెడు. ఒక పక్క ఎక్కువ అరగదీసి ఉండొచ్చు. సుత్తి దెబ్బల ఒత్తిడి లోపల మిగిలిపోయి ఉండొచ్చు. కొలిమిలో మంట ఒక పక్కే తగిలి ఉండొచ్చు. నూనెలో అలుగు ఏటవాలుగా దిగి ఉండొచ్చు. వీటన్నిటికీ ముందు జాగ్రత్తలున్నాయి. ముంచడానికి ముందు అలుగుని రెండు మూడుసార్లు ఎర్రగా కాల్చి గాలికి చల్లారనిస్తే పాత ఒత్తిడి పోతుంది. రెండు పక్కలూ సమానంగా అరగదీయాలి. అంచుని ముందే పల్చన చెయ్యకుండా డైమ్ నాణెమంత మందం, అంటే సుమారు 1.35 మిల్లీమీటర్లు, ఉంచాలి. నిటారుగా దించాలి. నూనెలో కదిపితే అంచు, వెన్ను ఉన్న దిశలోనే కదపాలి తప్ప పక్కలకి ఊపకూడదు.

ఇవన్నీ తు.చ. తప్పకుండా చేసినా, పది అంగుళాల పొడవున్న పల్చటి అలుగు ఒక్కోసారి వంగుతుంది. చేసేవాడు కొత్తవాడైనా, ముప్ఫై ఏళ్ళ అనుభవమున్నవాడైనా! వంకర రాకుండా చూసుకోవడం పనితనమే. వస్తే తీయడమూ పనితనమే. మొదటిది వచ్చిన వాడికి రెండోది అక్కర్లేదనడం, మంచి డ్రైవరుకి బ్రేకు అక్కర్లేదనడం లాంటిది.

ఇక మొదటి రకం మనుషుల సంగతి. వంకరంటే సిగ్గుపడేవాళ్ళు, ఇతరుల్ని సిగ్గుపడేలా చేసేవాళ్ళు. 2015లో హిస్టరీ చానెల్లో మొదలైన 'ఫోర్జ్‌డ్ ఇన్ ఫైర్' కార్యక్రమం చూసినవాళ్ళకి తెలుసు. పోటీదారు నూనెలోంచి అలుగు తీయగానే గుండెలదిరే సంగీతం. వంపు కనిపించిందా, కెమెరా అతని మొహం మీదికి వెళ్ళిపోతుంది, ఇంట్లో ఎవరో పోయినట్టు. ఆ కార్యక్రమం చాలామంది చేత సుత్తి పట్టించింది, కాదనను. కానీ వంకరంటే అనర్థమన్న భయం కూడా దాంతోపాటే పట్టించింది.

ఆ భయాన్ని పాఠంగా చెప్పే బళ్ళు కూడా ఉన్నాయి. శనాదివారాల్లో కత్తి పని నేర్పే ఒక బడిలో నేను ఒక రోజంతా ఉన్నాను. పేరెందుకు లెండి. మా బృందంలో ముగ్గురి అలుగులు వంగాయి. గురువుగారు వాటిని కంటితో ఒకసారి చూసి, మూలనున్న బకెట్టులో పడేసి, "మంచి అలుగు వంకరపోదు" అని ఒక సూక్తి చెప్పారు. ఆ ముగ్గురిలో ఒకాయన రిటైరైన స్కూలు టీచరు. పొద్దుటినుంచి చెమటోడ్చి చేసుకున్నదాన్ని బకెట్టులో చూసుకుంటూ, "నా చేతికి ఈ పని రాదులే" అనుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ వంపు కొలిస్తే ఒక మిల్లీమీటరుకి మించదు. అరగంట ఓపిక, వంటింటి ఓవెను చాలు. నేర్పడానికి డబ్బు తీసుకుని, నేర్పాల్సిన అసలు ముక్కని బకెట్టులో పారేసిన ఆ పద్ధతినేమనాలి? ఆడలేక మద్దెల ఓడన్నారని మనవాళ్ళు ఊరికే అనలేదు.

పోనీ, ఈ దేశంలో కత్తి పనికి పెద్దదిక్కు లాంటి సంస్థ ఏమంటోందో చూడండి. 1976లో పుట్టిన అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ తన సభ్యులకి పెట్టే పరీక్షలో అభ్యర్థి ఒకే కత్తితో వేలాడే తాడుని కోయాలి, రెండు-బై-నాలుగు కర్రని రెండుసార్లు నరకాలి, ఆ తరవాత కూడా అదే కత్తి చేతిమీద వెంట్రుకలు గీయాలి. ఆఖరున ఆ కత్తినే వైసులో బిగించి 90 డిగ్రీలు వంచుతారు. వంగినందుకు ఎవరినీ ఫెయిల్ చెయ్యరు. విరిగితే ఫెయిల్ చేస్తారు. మంచి ఉక్కు వంగదన్నవాళ్ళు ఈ పరీక్ష ఒకసారి చూసి రావాలి. మంచి ఉక్కు వంగుతుంది, వంగినా బతుకుతుంది. మంచితనమంతా అందులోనే ఉంది.

రెండో రకం వాళ్ళు మరీ ప్రమాదకరం, ఎందుకంటే వాళ్ళు కత్తులు అమ్ముతారు. వంగిన అలుగుని తిన్నగా చెయ్యరు. బెల్టు గ్రైండరు మీద పెట్టి, ఉబ్బున్న చోట ఒక పక్కా, కొసల దగ్గర రెండో పక్కా అరగదీసి, కంటికి తిన్నగా కనిపించేలా చేస్తారు. పని పది నిమిషాల్లో అయిపోతుంది. కొన్నవాడికి తెలియదు కదా!

దీని లెక్క చూడండి. మూడు మిల్లీమీటర్ల మందమున్న పలక మధ్యలో ఒక మిల్లీమీటరు వంగిందనుకుందాం. దాన్ని అరగదీసి తిన్నగా చేస్తే మిగిలేది రెండు మిల్లీమీటర్లే. మూడో వంతు ఉక్కు దుమ్మైపోయింది. వెన్ను దగ్గర అది సరే అనుకుందాం. అంచు దగ్గర మనం ఉంచుకున్న మందమే 1.35 మిల్లీమీటర్లు. అందులో ఒకటి పోతే మిగిలింది 0.35. ఎక్కడ ఎటు పక్క ఎంత తీశాడో ఆ మనిషికే గుర్తుండదు. వెన్ను గీత గీసినట్టు ఉంటుంది, అంచు మాత్రం ఒక చోట కుడికి, ఒక చోట ఎడమకి నడుస్తుంది. పైగా గట్టిపడిన ఉక్కుని అదేపనిగా రాపిడి పెడితే వేడెక్కి, పల్చటి అంచు దగ్గర నీలం రంగు తేలుతుంది. ఆ నీలం తేలిన చోట పదును పోయినట్టే.

ఒక కత్తుల ప్రదర్శనలో మూడు వందల డాలర్లు పెట్టి నేను కొన్న చాకు ఇలాంటిదే. అద్దంలా మెరుస్తుంది, పిడి చూస్తే ముద్దొస్తుంది. దాంతో దోసకాయ కోస్తే ముక్క ఒక పక్క మందంగా, ఒక పక్క పల్చగా వస్తుంది. చెయ్యి తిన్నగానే దించుతున్నా కత్తి పక్కకి లాగుతుంది. కాలిపర్ పెట్టి అంగుళానికోసారి కొలిస్తే కథంతా బయటపడింది. చేసినాయన పేరు నేను చెప్పను. ఆయన ఒక్కడే అయితే ఈ వ్యాసం అక్కర్లేదు.

మా సాఫ్ట్‌వేరు భాషలో దీనికి సరైన పోలిక ఉంది. ప్రోగ్రాములో తప్పుంటే టెస్టు ఫెయిలవుతుంది. తప్పు దిద్దడం ఒక పద్ధతి. టెస్టునే తీసిపారేసి అంతా పచ్చగా ఉందని రిపోర్టు పంపడం ఇంకో పద్ధతి. అరగదీసి తిన్నగా చూపించడం రెండో పద్ధతి. వంపు మాయమైంది, కానీ ఆ వంపుకి కారణమైన ఒత్తిడి లోపలే ఉంది. మీరు సాన పెట్టిన ప్రతిసారీ కాస్త కాస్త బయటికి తీసుకొస్తుంది.

మరి సరైన దారి ఏమిటి? మూడు అవకాశాలున్నాయి, మూడింటికీ వేళలున్నాయి. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత ఉక్కుకి అతికినట్టు సరిపోతుంది.

మొదటి వేళ, నూనెలోంచి తీసిన మరుక్షణం. నేను చెప్పిన ఆ 400 డిగ్రీల గీతకి పైన ఉన్న కొద్ది సెకన్లు. మందమైన అలుగైతే ఇంకాస్త ఎక్కువ. అప్పుడు తోలు గ్లవ్సుతో పట్టుకుని, వెన్ను వెంబడి ఒక కన్ను మూసి చూసి, చేత్తోనే వంచొచ్చు, లేదా రెండు మందపాటి అల్యూమినియం పలకల మధ్య పెట్టి అదమొచ్చు. చేతికింద అది బిగుసుకుంటున్నట్టు తెలుస్తుంది. బిగుసుకుందా, వదిలెయ్యాలి. ఆ క్షణం దాటాక అలుగు గాజు. సిమెంటు గచ్చు మీద జారవిడిస్తే రెండు ముక్కలవ్వచ్చు. వైసులో పెట్టి వంచుదామని బలవంతం చేసినవాళ్ళ ముక్కలు మొహం మీదికి ఎగిరిన సందర్భాలున్నాయి. కళ్ళద్దాలు లేకుండా ఈ పని దగ్గరికి ఎవరూ రాకూడదు.

రెండో వేళ, ఓవెనులో. గట్టిపడిన అలుగుకి పెళుసుతనం తగ్గించడానికి ఎలాగూ 400 డిగ్రీల దగ్గర రెండేసి గంటలు రెండుసార్లు వేడిచేస్తాం. మొదటిసారి ఏమీ బిగించకుండా ఊరికే వేడిచెయ్యాలి. తొందరపడి అప్పుడే బిగిస్తే టప్‌మంటుంది. రెండోసారికి ముందు, ఒక దళసరి తిన్నటి ఇనప పట్టీ మీద ఉబ్బు పైకి వచ్చేలా అలుగు పెట్టి, రెండు కొసల కింద ఒక్కో పెన్నీ పెట్టి, ఉబ్బున్న చోట క్లాంపు మెల్లగా బిగించాలి. పెన్నీ మందం 1.52 మిల్లీమీటర్లు. కొత్త పెన్నీలు చలామణికి కొట్టడం 2025లో ఆపేశారు గానీ, ప్రతి ఇంట్లోనూ డబ్బాడు ఉంటాయి. అలుగు తిన్నబడి ఆగదు, కాస్త అవతలి పక్కకి వంగుతుంది. అలా వంచి ఉంచే వేడిచెయ్యాలి. లోపలి ఒత్తిడి ఆ వేడికి కొంత సడలి, విప్పేసరికి అవతలికి వంగినంతా నిలవకపోయినా, తిన్నదనానికి దగ్గరగా వచ్చి నిలుస్తుంది. చాలకపోతే రెండో పెన్నీ పెట్టి మూడోసారి. గట్టితనం పోకుండా ఉండాలంటే ముందు వాడిన వేడిని దాటకూడదు, అంతే.

మూడో వేళ, ఇవేవీ సరిపోనప్పుడు. నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ, చూసేవాళ్ళు అస్సలు నమ్మనిదీ ఇదే. కొసన కార్బైడ్ ముక్క ఉన్న చిన్న సుత్తితో తట్టడం. ఎక్కడ తట్టాలి? ఎవరినడిగినా ఉబ్బు మీద అంటారు. కాదు, గుంట వైపు. వంగిన అలుగులో గుంట వైపు పొట్టిగా, ఉబ్బు వైపు పొడుగ్గా ఉంటుంది. గుంట వైపు చిన్న చిన్న చుక్కలు పడేలా తడుతూ పోతే ఆ వైపు పైపొర రవ్వంత సాగుతుంది. రెండు వైపులూ సమానమై అలుగు తనంతట తానే లేస్తుంది. పొడుచుకొచ్చినదాన్ని బాదితే విరుగుతుంది, లోపలికి పోయినదాన్ని తడితే తిన్నబడుతుంది. పిల్లల్ని పెంచేవాళ్ళకి దీనిమీద వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

దీనికి ఎదుటివాళ్ళు చెప్పే అభ్యంతరాలు రెండు. ఒకటి, సుత్తి చుక్కలు అలుగు మీద గాట్లలాంటివి, అక్కడినుంచే పగులు మొదలవ్వచ్చని. ఇందులో నిజముంది. అందుకే అంచు జోలికి పోకుండా, వెన్నుకి దగ్గరగా, పైపైన తట్టాలి. ఆఖరి అరగదీతకి ముందే తట్టాలి, ఆ అరగదీతలో చుక్కలు పోతాయి. రెండోది, తిన్నగా చేసిన ఉక్కు మళ్ళీ పాత వంకరకే పోతుందని, కుక్క తోకలాగా. చల్లగా ఉన్నప్పుడు బలవంతాన వంచినదాని విషయంలో ఆ మాట కొంత నిజం. వేడిలో నెమ్మదిగా వంచినదానికి ఆ మాట వర్తించదు. అనుమానముంటే మర్నాడు ఒకసారి, అరగదీశాక ఇంకోసారి కన్ను మూసి చూసుకోవాలి. చూసుకోవడం కూడా పనిలో భాగమే.

ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, ఇది చిల్లర పని కాదని మీకు తెలియాలి. లోహం లోపల ఏం జరుగుతోందో తెలిసినవాడే ఈ పని చెయ్యగలడు. సూత్రాలు చదివి తెలుసుకున్నాడా, చేత్తో తెలుసుకున్నాడా అన్నది వేరే సంగతి.

ఈ పనికి గౌరవమిచ్చిన చోట్లు లేకపోలేదు. ఇంగ్లండులో కత్తులకి పేరుమోసిన షెఫీల్డులో, రెండు కత్తెర రెక్కల్ని సుత్తితో తట్టి, అవసరమైనంత వంపు పెట్టి, అక్కర్లేని వంపు తీసి, కొస దాకా ఒకదాన్నొకటి తాకేలా జత చేసేవాణ్ణి 'పుట్టర్' అంటారు. 2014లో క్లిఫ్ డెంటన్ అనే పుట్టర్ మీద 'ద పుట్టర్' అనే చిన్న సినిమా తీస్తే లోకమంతా చూసింది. అందులో కథ లేదు, ఒక ముసలాయన కత్తెర వంక చూసి తట్టడం, మళ్ళీ చూడటం, అంతే. జపాన్లో సకాయ్ పట్నంలో కొలిమి పని ఒకరిది, సాన పని ఇంకొకరిది. సాన పట్టేవాడు మధ్యమధ్యలో ఆగి అలుగు వంకర తీస్తూనే ఉంటాడు. ఆ వంకరని 'హిజుమి' అంటారు. అక్కడ అది దాచాల్సిన రహస్యం కాదు, కుర్రాడు మొదటి రోజుల్లోనే నేర్చుకునే మాట. పనికి పేరుంటే కూలి ఉంటుంది. కూలి ఉంటే నేర్చుకునేవాడుంటాడు.

మరి మన దగ్గర? మూడో రకం వాళ్ళ దగ్గరికి వచ్చాం.

ఉక్కు వండిన ఊరి పేరు మనకి తెలుసు. ఎలా తెలిసింది? సర్వేలో పనిచేసిన హెన్రీ వాయ్సీ అనే ఇంగ్లీషు డాక్టరు 1820 ప్రాంతంలో కోనసముద్రం వెళ్ళి, మూసలు, కొలుములు, పద్ధతి చూసి రాసిపెట్టాడు. ఆయన పోయాక 1832లో అది అచ్చయింది. అంతకుముందు పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావర్నియే గోల్కొండ ఉక్కు గురించి రాశాడు. మనవాళ్ళు చేసిన పనిని పరాయివాళ్ళు రాస్తే మనం చదివి గర్విస్తున్నాం. ఆ కొలిమి దగ్గర కూర్చున్న ఒక్క మనిషి పేరైనా ఈ ఉపన్యాసాల్లో నేను వినలేదు. అడిగినవాళ్ళూ కనబడలేదు.

ఇప్పటి కాలంలో ఆ ఉక్కు గుట్టు విప్పిందెవరు? అయోవా స్టేట్ యూనివర్సిటీలో లోహశాస్త్రం ప్రొఫెసర్ జాన్ వెర్హోవెన్ ఒకడు. రెండోవాడు ఆల్ పెండ్రే, ఫ్లోరిడాలో గుర్రాలకి లాడాలు కొట్టుకుని బతికినవాడు, 2017లో పోయాడు. ఇద్దరూ ఏళ్ళ తరబడి కలిసి పనిచేసి, ఆ పాత చారల కత్తిని మళ్ళీ చేసి చూపించారు. 2001 జనవరి సైంటిఫిక్ అమెరికన్లో వెర్హోవెన్ ఆ కథ రాశాడు. వ్యాసాల మీద ప్రొఫెసర్ పేరు పక్కన లాడాలు కొట్టేవాడి పేరు కూడా అచ్చయింది. మన సభల్లో వేదిక మీద డాక్టర్లుంటారు, మాలాంటి కంప్యూటరు వాళ్ళుంటారు, చరిత్ర అధ్యాపకులుంటారు. కమ్మరిని వేదిక మీదికి పిలిచిన సభకి నేనింతవరకు వెళ్ళలేదు. మీరెవరైనా వెళ్ళి ఉంటే ఆ సంఘానికి నా దండం.

ఎందుకు పిలవం? చదువుకోకపోతే కొలిమితిత్తి ఊదుకోవాల్సి వస్తుందని భయపెట్టి చదివించిన ఇళ్ళలోంచి వచ్చాం కాబట్టి. చేత్తో చేసే పని చదువురానివాడి శిక్ష అని చిన్నప్పుడే మన తలలోకి ఎక్కింది. ఏ కులంవాడు ఏ పని చెయ్యాలో ముందే రాసిపెట్టి, పంట ఇంటికొచ్చాక ఇంత మేర గింజలని కొలిచి పోసి, చేతులు దులుపుకున్న ఊళ్ళు మనవి. విమానమెక్కేటప్పుడు అది కూడా మన సామానులోనే వచ్చింది. ఉక్కు 'మనది' అంటాం, కమ్మరి మాత్రం 'వాళ్ళు'. ఇదెక్కడి లెక్క?

ఇంకా చిత్రమేమిటంటే, మనం ఇక్కడ బతుకుతున్నది వంకర తీసే పని మీదే. నాకంటే ఒక తరం ముందు, 1990ల చివర్లో, వేలమంది తెలుగువాళ్ళు ఈ దేశానికొచ్చింది దేనికి? సంవత్సరాన్ని రెండంకెలతో రాసిపెట్టిన పాత ప్రోగ్రాముల వంకర తీయడానికి. వైటూకే అని దానికి పెద్ద పేరు పెట్టారు. ఆ వంకర ఎవరో పెట్టింది, తీసింది మనవాళ్ళు. ఇవాళ్టికీ నా బిల్లులో సగం గంటలు ఎవరో రాసి వదిలేసిన కోడులో ఒత్తిడి ఎక్కడుందో వెతికి సడలించే గంటలే. ఆ పనికి గంటకింతని డాలర్లు తీసుకుని, ఇళ్ళు కొనుక్కుని, దాన్ని 'కన్సల్టింగ్' అని గొప్పగా చెప్పుకునే మనం, దాగలి ముందు కూర్చుని కొడవలి వంకర తీసిన మనిషితో పది రూపాయలు తగ్గించమని బేరమాడతాం.

సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మీ ఊళ్ళోనో, పక్క టౌను సంతలోనో ఇంకా కొలిమి రాజేస్తున్న మనిషి ఉంటే ఒక్కసారి పక్కన నిలబడి చూడండి. పాత లారీ కమాను పట్టీ ముక్కతో కత్తి చేస్తుంటాడు. ముంచి తీశాక ఒక కన్ను మూసి అలుగు పొడుగునా చూస్తాడు. దాగలి మీద పెట్టి రెండు దెబ్బలు తడతాడు. మళ్ళీ చూస్తాడు. ఇంకో దెబ్బ. పక్కన పడేస్తాడు. మనం గమనించేలోపే అయిపోతుంది. నేను పుస్తకాలు చదివి, కాలిపర్లు పెట్టి, పెన్నీలు లెక్కపెట్టి చేసేదాన్ని ఆయన కన్ను మూసి చేస్తున్నాడు. ఆ రెండు దెబ్బల్ని ఆయన తన భాషలో ఏమంటాడో మన నిఘంటువులు రాసినవాళ్ళలో ఎంతమంది వెళ్ళి అడిగారు? ఆయన కొడుకు సెల్‌ఫోన్ల షాపులో చేరాక ఆ మాట ఎవరి నోట్లో మిగులుతుంది?

తెలుగులో 'పదును' అన్న ఒక్క మాటే దున్నడానికి సిద్ధమైన నేల తడికీ, కాల్చి ముంచిన ఉక్కు గుణానికీ, కోసే అంచుకీ చెల్లుతుంది. రైతూ కమ్మరీ పక్కపక్కన బతికిన భాష ఇది. అలాంటి భాషలో ఉక్కు గురించి గంటసేపు మాట్లాడుతూ కమ్మరిని తలుచుకోకపోవడం మరుపు కాదు, అలవాటు.

అందుకని నేనడిగేవి నాలుగే. కత్తులు చేసేవాళ్ళు, ఈ అలుగు వంగింది, తిన్నగా చేశాను అని నోరు తెరిచి చెప్పండి. అందులో పరువు తక్కువేమీ లేదు. కొనేవాళ్ళు, మెరుపు చూడటం మానేసి, ఒక కన్ను మూసి అంచు వెంబడి చూడండి, వంకర ఎలా తీశారని అడగండి. ఊరెళ్ళేవాళ్ళు, చేతిలో ఉన్న ఫోనుతో గుడి గోపురం తీసినట్టే కమ్మరి పని కూడా తియ్యండి. ఆయన్ని ముందు అడిగి, ఆ పూట కూలి ఇచ్చి, ప్రతి దెబ్బనీ ఏమంటారో ఆయన నోటితో చెప్పించండి. సంఘాలు నడిపేవాళ్ళు, మళ్ళీ ఉక్కు గురించి కార్యక్రమం పెట్టినప్పుడు స్లైడ్లు పది తగ్గించి, వేదిక మీద ఒక దాగలి పెట్టించండి. మాటలు చెప్పేవాడికి టిక్కెట్టు ఇచ్చినట్టే పని చేసేవాడికీ ఇచ్చి పిలిపించండి. వీసా దొరకలేదంటారా? ఇక్కడే లాడాలు కొట్టేవాళ్ళున్నారు, వాళ్ళని పిలవండి. తెలుగు రాకపోయినా ఫరవాలేదు, ఇనుము వచ్చు.

అంతవరకూ "ఉక్కు మనది" అన్న మాటని కాస్త తగ్గించి వాడదాం. తిన్నగా చేసిన చేతిని గుర్తుపట్టలేని చోట, అది కూడా ఇంకా ఒంకర తీయని అలుగే. మెరుస్తుంది గానీ, కోతకి పెడితే పక్కకి లాగుతుంది.